రోమియో కన్నీళ్లు, జూలియెట్ ధైర్యం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల అందిన ఉత్తరాలలో మూడు ఒకే నాటకం గురించి వచ్చాయి. షేక్స్‌పియర్ 1590ల నడిమి సంవత్సరాలలో రాయగా 1597లో తొలిసారి అచ్చయిన ‘రోమియో అండ్ జూలియెట్’ ఆ నాటకం. కథ తెలియని పాఠకుల కోసం దానిని క్లుప్తంగా చెప్పి ఉత్తరాల్లోకి వెళ్తాను. ఇటలీలోని వెరోనా పట్టణంలో మాంటేగ్యూ, కాపులెట్ అనే రెండు పెద్ద ఇళ్ల మధ్య పాత పగ ఉంది. మాంటేగ్యూల కొడుకు రోమియో, కాపులెట్ల కూతురు జూలియెట్ ఒక విందులో కలుసుకొని, మరునాడే లారెన్స్ అనే సన్యాసి చేతుల మీదుగా రహస్యంగా పెళ్లి చేసుకుంటారు. పెళ్లైన కాసేపటికే వీథిలో జరిగిన గొడవలో జూలియెట్ మేనమామ కొడుకు టిబాల్ట్ రోమియో స్నేహితుడైన మెర్కుషియోను చంపుతాడు, రోమియో టిబాల్ట్‌ను చంపుతాడు. రోమియోకు దేశబహిష్కారం పడుతుంది. ఇంట్లో తండ్రి జూలియెట్‌కు పారిస్ అనే ప్రభువుతో పెళ్లి ఖాయం చేస్తే, ఆమె దానిని తప్పించుకోవడానికి చచ్చినట్టు కనిపించే మందు తాగుతుంది. అసలు సంగతి తెలిపే ఉత్తరం రోమియోకు అందదు. ఆమె నిజంగానే చనిపోయిందనుకొని అతడు సమాధిలో విషం తాగుతాడు, మేలుకొన్న ఆమె అతని బాకుతో పొడుచుకుంటుంది.

ప్రశ్న: నేను డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థినిని. బహిష్కారం వార్త విని రోమియో నేలమీద పడి ఏడ్చే ఘట్టం తరగతిలో చదువుతుంటే మగపిల్లలు చాలామంది నవ్వారు. ‘వీడేం మొగోడు, ఆడిపిల్ల లెక్క ఏడుస్తున్నడు’ అని ఒకరు గట్టిగానే అన్నారు. నా దగ్గరున్న గైడులో కూడా రోమియో స్వభావంలోని ఆడతనమే విషాదానికి కారణమని రాసి ఉంది. నాకు చదువుతుంటే అలా అనిపించలేదు, కానీ ఎందుకు కాదో చెప్పడం చేతకావడం లేదు. దయచేసి వివరించగలరు.
(ఒక విద్యార్థిని, దేవరకొండ)

సమాధానం: బిడ్డా, నీకు అనిపించిందే సరైనది. ఆ పిల్లలు అన్న మాట కూడా వాళ్లు పుట్టించినది కాదు. వాళ్లకంటే ముందు నాటకంలోని పెద్దలే ఆ మాట అన్నారు. మూడవ అంకం మూడవ దృశ్యంలో నేలమీద పడి ఉన్న రోమియోను చూసి సన్యాసి లారెన్స్, ‘నువ్వు మగవాడివేనా? ఆకారమేమో అవునంటున్నది, కన్నీళ్లు చూస్తే ఆడదానివి’ అనే అర్థం వచ్చేట్టు గద్దిస్తాడు. అంతకు కొద్ది క్షణాల ముందు జూలియెట్ దాది కూడా ‘మగవాడివైతే లేచి నిలబడు’ అంటుంది. ప్రేమించే పెద్దలే, మంచి కోరే పెద్దలే ఆ పిల్లవాణ్ణి లేపడానికి వాడిన కర్ర ఇది. గైడు రాసినవారు ఈ మాటలను నాటకకర్త తీర్పుగా తీసుకున్నట్టున్నారు. పాత్ర అన్న మాట వేరు, నాటకం చూపించిన సంగతి వేరు. ఈ తేడా పట్టుకుంటే నీ చిక్కు విడిపోతుంది.

అందుకోసం రెండు దృశ్యాలు వెనక్కి వెళ్లి, మూడవ అంకం మొదటి దృశ్యాన్ని నిదానంగా చదువు. రోమియోకు పెళ్లై ఇంకా గంటే అయ్యింది. టిబాల్ట్ ఎదురుపడి అతణ్ణి నీచుడా అని తిట్టి కత్తి దూయమంటాడు. వెరోనాలో ఏ యువకుడైనా ఆ మాటకు కత్తి దూసేవాడే. రోమియో దూయడు. టిబాల్ట్ ఇప్పుడు తన భార్యకు బంధువు, అంటే తనకూ బంధువు. ఆ సంగతి పైకి చెప్పలేడు గనుక, నీకు నేను ఏ అపకారమూ చేయలేదు, నిన్ను నువ్వు ఊహించలేనంతగా ప్రేమిస్తున్నాను అంటాడు. ఒక మగవాడు పగను దాటి మాట్లాడిన చోటు ఇది, అది కూడా జనం నడిచే వీథిలో, పట్టపగలు, అందరూ చూస్తుండగా. దానికి ఫలితమేమిటి? పక్కనున్న స్నేహితుడు మెర్కుషియో ఆ శాంతాన్ని సహించలేకపోతాడు, పరువు తక్కువ లొంగుబాటు అని దాన్ని ఈసడించి తానే కత్తి దూస్తాడు. రోమియో వారిద్దరి మధ్యకు వెళ్లి ఆపబోతే, అతని చేయి కింది నుంచి టిబాల్ట్ కత్తి మెర్కుషియోలో దిగుతుంది.

స్నేహితుడు చావుబతుకుల్లో ఉన్నప్పుడు రోమియో నోట వచ్చే మాట మీద వేలు పెట్టి ఆగాలి. ‘జూలియెట్, నీ అందం నన్ను ఆడదాన్ని చేసింది, నా శౌర్యపు ఉక్కును మెత్తబరిచింది’ అని అతడు తనను తాను నిందించుకుంటాడు. ఆ మాట అన్న కొద్ది నిమిషాలకే టిబాల్ట్‌ను చంపుతాడు. బహిష్కారం, తండ్రి తొందర, దొంగ చావు మందు, అందని ఉత్తరం, సమాధి, ఇవన్నీ ఆ ఒక్క హత్యకు పుట్టిన పిల్లలు. మరి విషాదం అతడు మెత్తబడినందుకు వచ్చిందా, మెత్తబడినందుకు సిగ్గుపడినందుకు వచ్చిందా? అతనిలో పెళ్లి తెచ్చిన మెత్తదనం టిబాల్ట్‌ను బతకనిచ్చింది. ఆ మెత్తదనం మీద కలిగిన సిగ్గు టిబాల్ట్‌ను చంపింది, తిరిగి వచ్చి అతణ్ణీ అతని భార్యనూ చంపింది. నీ గైడు ఈ వరుసను తలకిందులు చేసింది.

ఇది నా ఊహ కాదనడానికి గట్టి ఆధారమే ఉంది. షేక్స్‌పియర్ ఈ కథను ఆర్థర్ బ్రూక్ 1562లో ప్రచురించిన ఒక కథాకావ్యం నుంచి తీసుకున్నాడు. నువ్వు మగవాడివేనా అని సన్యాసి అడిగే మాట ఆ కావ్యంలో కూడా ఉంది. కానీ అక్కడి టిబాల్ట్, శాంతి చేయబోయిన రోమియో మీదికే వస్తాడు, ప్రాణం కాపాడుకునే క్రమంలో రోమియో అతణ్ణి చంపుతాడు. మెర్కుషియో అక్కడ విందులో ఒకసారి కనిపించి పోయే చిన్న పాత్ర, అతని చావు ఆ కథలో లేనే లేదు. షేక్స్‌పియర్ ఆ పాత్రను పెంచి పెద్దచేసి, అతని చావును తెచ్చి, ఆత్మరక్షణగా ఉన్న హత్యను పరువు కోసం చేసిన హత్యగా మార్చాడు. కథ అడగకపోయినా ఒక రచయిత ఇంత పెద్ద మార్పు చేశాడంటే, ఆ మార్పులోనే అతడు చెప్పదలచుకున్నది ఉంటుంది.

నాటకం తెర లేవగానే వినిపించే సంభాషణను కూడా దీని పక్కన పెట్టి చూడు. కాపులెట్ల ఇంటి నౌకర్లు ఇద్దరు తమ మగతనం గురించి కోతలు కోస్తూ, మాంటేగ్యూల మగవారిని గోడ దగ్గర నుంచి తోసేస్తామనీ, వారి ఆడపిల్లలను గోడకు అదుముతామనీ మాట్లాడుకుంటారు. పగ ఎందుకు పుట్టిందో నాటకం ఎక్కడా చెప్పదు. ఆ పగ రోజూ ఎలా బతుకుతున్నదో మాత్రం మొదటి నిమిషంలోనే చెబుతుంది. మగవాణ్ణని నిరూపించుకోవాలంటే ఒకణ్ణి కొట్టాలి, ఒకతెను అవమానించాలి. ఈ పాఠం నౌకర్ల దగ్గర మొదలై ఇంటి యజమాని దాకా అందరికీ కంఠస్థమే. అదే దృశ్యంలో ముసలి కాపులెట్ గొడవ చూసి నా కత్తి తెమ్మని అరిస్తే, అతని భార్య, నీకు కావలసింది చంకకర్ర గానీ కత్తి కాదంటుంది. అటు మాంటేగ్యూ భార్య కూడా భర్తను అడుగు కదలనివ్వదు.

మన దగ్గర ఈ పాఠం లేదా? ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు’ అనే సామెత నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వినని వారు ఉండరు. పిరికివాణ్ణి చూసి గాజులు తొడుక్కోమంటారు. ఈ తిట్టు విన్నప్పుడల్లా నాకు విరాటపర్వం గుర్తుకొస్తుంది. తిక్కన తెలుగు చేసిన ఆ పర్వంలో, వింటినారి రాసిన కాయలు కనబడకుండా చేతులకు గాజులు తొడుక్కొని బృహన్నలగా రాజకుమార్తెకు ఆట నేర్పిన వాడు అర్జునుడు. అంతఃపుర స్త్రీల ముందు శౌర్యం గురించి గొప్పలు చెప్పి, కౌరవసేన కనబడగానే రథం దూకి పారిపోయిన వాడు ఉత్తరకుమారుడు. గాజులు తొడుక్కున్న చేతులే ఆ రోజు యుద్ధం గెలిచాయి. యక్షగానంలో ఆ ఘట్టాన్ని తెల్లవార్లూ చూసి మురిసిపోయిన మనమే, పొద్దున లేచి మళ్లీ ఆ తిట్టు తిడుతున్నాం.

సన్యాసి గద్దింపుకు దగ్గరి మాట మన గీతలోనూ ఉన్నదని ఎవరైనా నీతో వాదించవచ్చు. రెండవ అధ్యాయం మూడవ శ్లోకంలో కృష్ణుడు అర్జునునితో పేడితనానికి లోనుకావద్దు అన్న మాట నిజమే. అయితే కృష్ణుడు ఆ ఒక్క మాట అని ఊరుకోలేదు. పద్దెనిమిదవ అధ్యాయం ముగిసేదాకా ఎదుటివాని సందేహాలు ఒక్కొక్కటే విని ఓపికగా బదులు చెప్పాడు. లారెన్స్‌కు కూడా న్యాయం చేయాలి. తిట్టిన తర్వాత అతడు జూలియెట్ బతికే ఉందనీ, శిక్ష మరణం నుంచి బహిష్కారానికి తగ్గిందనీ, మాంటువా పట్టణానికి వెళ్లి కొంతకాలం ఓపిక పట్టమనీ తెలివైన సలహానే ఇస్తాడు. అంత మంచి సలహాకు ముందు ఆ సిగ్గు అవసరమా అన్నదే నా బాధ. అప్పటికే ఆ సిగ్గు వల్ల ఒక ప్రాణం తీసి వచ్చిన పిల్లవానికి, మందుగా మళ్లీ అదే సిగ్గును పోశారు.

నల్లగొండలో పాఠాలు చెప్పిన తొలి ఏళ్లలో నేను కూడా ఆ గద్దింపు మాట కింద గీత గీయించి, పరీక్షకు ముఖ్యమని చెప్పి ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. ఒక సంవత్సరం తరగతి ముగిశాక ఒక అబ్బాయి బల్ల దగ్గరే ఉండిపోయాడు. బొంబాయి పనికి వెళ్లిన తండ్రి శవమై ఇంటికి వచ్చిన రోజు తాను ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదని, ఇంటికి పెద్దకొడుకంటే ఇట్లుండాలని ఊరంతా మెచ్చుకుందని, ఆ తర్వాత మూడేళ్లుగా తల్లితో తండ్రి ఊసు ఎత్తలేకపోతున్నానని చెప్పి, ‘సార్, ఏడ్చిన రోమియోను వాళ్లు తిట్టకుండ ఉంటే మంచిగుండు’ అన్నాడు. అప్పటి నుంచి ఆ దృశ్యాన్ని నేను వేరుగా చెప్పడం మొదలుపెట్టాను. తరగతిలో నవ్విన వారిలో కూడా అలాంటి పిల్లవాడు ఒకడు ఉండవచ్చు, వాడే అందరికంటే గట్టిగా నవ్వి ఉండవచ్చు. కాబట్టి వారి మీద కోపం పెట్టుకోకు.

ఇక జూలియెట్ సంగతి. రోమియోలో మెత్తదనాన్ని లోపంగా చూసే వారు ఈమెలోని గట్టిదనాన్ని చూడరు. బ్రూక్ కావ్యంలో పదహారేళ్లున్న ఈ పిల్లకు షేక్స్‌పియర్ పద్నాలుగు కూడా నిండనివ్వలేదు. ఆ వయసులో, తోటలో నిలబడి చంద్రుని మీద ఒట్టు పెట్టబోయిన రోమియోను, రోజూ మారిపోయే చంద్రుని మీద ఒట్టు వద్దని వారించింది ఈమె. ఇది మరీ తొందరగా ఉందని గుర్తించినది ఈమె. నీ ఉద్దేశం పెళ్లైతే రేపు కబురు పంపమని తేల్చి అడిగినదీ, మనిషిని ఎన్ని గంటలకు పంపాలో గుర్తుగా అడిగినదీ ఈమే. తండ్రి వెళ్లగొడతానన్నాడు, తల్లి నీతో నాకు పని లేదన్నది, పెంచిన దాది సైతం రోమియోను మరిచి పారిస్‌ను చేసుకోమన్నది. ముగ్గురూ చేయి వదిలేసిన రాత్రి, టిబాల్ట్ శవం పక్కన గాలాడని సమాధిలో మేలుకోవలసి వస్తుందన్న భయాన్ని పూర్తిగా ఊహించుకొని, పైకి చెప్పుకొని, ఆపైన మందు తాగింది. భయం లేకపోవడం ధైర్యం కాదు, భయాన్ని తెలిసి అడుగు వేయడమే ధైర్యమైతే, ఆ నాటకంలో ఆమెకు సాటి వచ్చే కత్తిగాడు ఒక్కడూ లేడు. తెలంగాణ సాయుధ పోరాటంలో దళంతో కలిసి తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం పుట్టింది నాటి నల్లగొండ జిల్లాలోనే గనుక, ఈ సంగతి మన జిల్లా పిల్లలకు ఎక్కువ చెప్పనవసరం లేదు.

పరీక్షలో ఆ ప్రశ్నే వస్తే, అతని కన్నీళ్లను కాదు, అతని సిగ్గును విషాదకారణంగా చూపించు. మూడవ అంకం మొదటి దృశ్యంలోని ఆ మాటను ఉదాహరించు, బ్రూక్ కావ్యంతో ఉన్న తేడా రాయి. మార్కులు దిద్దేవారు గైడుకు భిన్నంగా ఉందని తగ్గించరు, ఆధారం లేకపోతేనే తగ్గిస్తారు.

ప్రశ్న: నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి ఈ నాటకం చదువుతూ కాపులెట్‌ను రాక్షసుడని అంటున్నది. ఆ మాట నాకు తగిలింది. తండ్రి కోపం వెనుక ప్రేమ ఉండదా? పైగా చావే ప్రేమకు రుజువన్నట్టుగా ముగిసే నాటకాన్ని ఎదిగే పిల్లల చేత చదివించడం మంచిదేనా?
(ఒక తండ్రి, జడ్చర్ల)

సమాధానం: అన్నా, మీ అమ్మాయి మాట మీకు తగలడం మంచి లక్షణమే, తగలని తండ్రి ఉత్తరం రాయడు. కాపులెట్ రాక్షసుడు కాడు. నాటకం మొదట్లో పారిస్ పెళ్లి మాట ఎత్తినప్పుడు ఇంకా రెండేళ్లు ఆగుదామని అన్నది అతడే. చిన్నతనంలో తల్లులైన ఆడపిల్లలు తొందరగా వాడిపోతారని అన్నది అతడే. నా ఇష్టం ఆమె సమ్మతిలో ఒక భాగమే, ముందు ఆమె మనసు గెలుచుకో అని వరునికి చెప్పినదీ అతడే. ఆ రోజు ఎవరైనా వింటే ఇంత మంచి తండ్రి ఉంటాడా అనుకుంటారు.

ఆ మనిషి రెండు రోజులు తిరగకుండానే, ఆమెను ఒక్క మాట అడగకుండా గురువారం పెళ్లి ఖాయం చేసి, తర్వాత దానిని బుధవారానికే జరిపాడు. కాదన్న కూతురితో, నాదానివైతే నా మిత్రునికి ఇస్తాను, నాదానివి కాకపోతే ఉరి వేసుకో, అడుక్కో, వీథుల్లో చావు అన్నాడు. కొట్టడానికి వేళ్లు దురద పెడుతున్నాయి అన్నాడు. ఈ మార్పు ఎందుకు వచ్చిందో చూడకపోతే ఆ పాత్ర అర్థం కాదు. నడుమ జరిగినదల్లా టిబాల్ట్ చావు. ఆ దుఃఖానికి కాపులెట్ ఇచ్చిన చోటు ఎంతో తెలుసా? జూలియెట్ అతణ్ణి ఎంతో ప్రేమించింది, నేనూ ప్రేమించాను, సరే, పుట్టినవాళ్లం చావక తప్పదు కదా అని ఒక్క వాక్యం. ఆ వెంటనే పెళ్లి ముహూర్తం. ఏడవవలసిన మనిషి ఏడవలేదు. ఇంటి పెద్ద కనుక ఏదో ఒకటి చక్కబెట్టాలి, ఇల్లు తన చేతి కిందే ఉందని చూపించుకోవాలి, వెరోనాను ఏలే రాకుమారుని బంధువైన పారిస్‌తో వియ్యం అందుకోవాలి. దేవరకొండ విద్యార్థినికి చెప్పిన సంగతే ఇక్కడ తండ్రి వేషంలో కనబడుతుంది. కొడుకు వయసు మగవానిలో సిగ్గు కత్తి పట్టిస్తే, తండ్రి వయసు మగవానిలో మింగిన దుఃఖం అధికారమై కూతురి మీద పడింది.

కాబట్టి కోపం వెనుక ప్రేమ ఉందా అంటే, ఉంది. దాని వల్ల ఆ కోపం న్యాయమవుతుందా అంటే, కాదు. ‘నాదానివైతే’ అన్న మాటలోనే తప్పంతా ఉంది. ఆడపిల్ల అంటే ఆడి పిల్ల, ఈడి పిల్ల కాదు అని మన పెద్దలు నవ్వుతూ అనే మాటలో కూడా, ఆమె ఎప్పుడూ ఎవరో ఒకరి సొత్తే గానీ తనకు తాను కాదన్న అర్థం దాగి ఉంది. నాటకం చివర రెండు శవాల మీద కాపులెట్ మాంటేగ్యూతో చేయి కలుపుతూ, ఇదే నా కూతురికి మీరు రాసిచ్చే సొమ్ము అనుకుంటాను అంటాడు. ఆ నాటి పెళ్లిలో వరుని వైపువారు కోడలి పేర రాసిచ్చే ఆస్తిని ఉద్దేశించి అన్న మాట అది. కూతురు చనిపోయిన గంటలో కూడా ఆ తండ్రికి దొరికిన భాష పెళ్లి బేరాలదే. నేను ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా అతని మీద కోపం పోయి జాలి కలుగుతుంది. ఇంకొక భాష అతనికి ఎవరూ నేర్పలేదు.

మన దేశంలో ఆడపిల్లకు పద్దెనిమిది, మగపిల్లవానికి ఇరవై ఒకటి నిండకుండా పెళ్లి చేయడం 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద నేరం. వయసు వచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసుకునే పెళ్లికి కుటుంబం గానీ, కులం గానీ, ఊరు గానీ అనుమతి ఇవ్వవలసిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. చట్టం ఇంత చెప్పాక కూడా పరువు పేరుతో కూతురి భర్తను చంపించిన వార్తలు మన ప్రాంతపు పత్రికల్లోనే చదివాం. వాటిలో ప్రతి ఇంటా ఒక తండ్రి ఉన్నాడు, ఆయనను ఏం మగవాడివి అని అడిగిన బంధువులు, మిత్రులు కూడా ఉండే ఉంటారు. అందుకే ఈ నాటకాన్ని పిల్లల చేతే కాదు, తండ్రుల చేత కూడా చదివించాలని నా కోరిక.

మీ రెండవ భయాన్ని నేను తేలికగా తీసుకోను. బ్రూక్ తన కావ్యానికి ముందుమాటలో, పెద్దల మాట వినని ప్రేమికులకు ఇదే గతి అని హెచ్చరించాడు. షేక్స్‌పియర్ ఆ హెచ్చరికను తీసేశాడు, కానీ చావును గొప్ప చేయలేదు. అతని నాటకంలో ఆ రెండు చావులూ తప్పించదగినవే. ఉత్తరం తీసుకెళ్లిన మరో సన్యాసిని ప్లేగు అనుమానంతో ఒక ఇంట్లో నిర్బంధించకపోతే, రోమియో కొద్దిసేపు ఆగి ఉంటే, ఇద్దరూ బతికేవారు. అది మీ అమ్మాయితో మీరే మాట్లాడండి. ఆ మాటల నడుమ, నువ్వు ఏ సంగతి చెప్పినా ఈ ఇంటి తలుపు మూయను అని ఒక్కసారి పైకి అనండి. ఆ ఒక్క మాట కాపులెట్ నోట వచ్చి ఉంటే జూలియెట్‌కు మందు అవసరమే పడేది కాదు. ఎవరైనా పిల్లలు చావు ఆలోచనలతో సతమతమవుతున్నట్టు కనిపిస్తే, 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీమానస్ సేవలో ఉచితంగా, తెలుగులోనే మాట్లాడేవారు ఉన్నారు. ఈ నంబరు తల్లిదండ్రులు కూడా దగ్గర పెట్టుకోవాలి.

ప్రశ్న: మా యువకుల నాటక బృందంలో ఆడపిల్లలు లేరు. ఈ నాటకాన్ని పాలమూరు పల్లెకు మార్చి, రెండు ఇళ్ల పగను రెండు కులాల పగగా చేసి ఆడాలనుకుంటున్నాం. అబ్బాయి జూలియెట్ వేషం కడితే జనం నవ్వుతారేమోనని సందేహం. మీ సలహా కోరుతున్నాను.
(ఒక రంగస్థల కళాకారుడు, అచ్చంపేట)

సమాధానం: తమ్ముడూ, ఆ నాటకం పుట్టినప్పుడు లండన్‌లో జూలియెట్ వేషం కట్టింది అబ్బాయే. ఇంగ్లండు ప్రజానాటకశాలల్లో స్త్రీలు వేషం కట్టడం 1660లోనే మొదలైంది. మన దగ్గర స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే చూడడానికి జనం విరగబడేవారు. నవ్వు రావడం రాకపోవడం వేషంలో లేదు, వేషం కట్టినవాని మనసులో ఉంది. గొంతు సన్నం చేసి, నడుము తిప్పి ఆడతనాన్ని వెక్కిరిస్తే జనం నవ్వుతారు, నవ్వాలి కూడా. మీ నటుడు తన సహజమైన గొంతులోనే, ఆ పిల్ల ఆలోచనను వాక్యం వెంట వాక్యంగా పట్టుకొని పలికితే, పది నిమిషాలకు అతడు అబ్బాయన్న సంగతి చూసేవారు మరిచిపోతారు. అయినా మీ ఊళ్లో ఆడపిల్లలను ఒకసారి అడిగి చూశారా? అడగకుండానే లేరనుకోవడం కూడా ఒక అలవాటే.

కులం విషయంలో మాత్రం జాగ్రత్తగా ఆలోచించండి. నాటకం తొలి పంక్తే ఆ రెండు ఇళ్లూ గౌరవంలో సమానమని చెబుతుంది. ఇద్దరి చేతుల్లోనూ కత్తులున్నాయి, ఇద్దరి మాటా రాకుమారుని దగ్గర చెల్లుతుంది. మన పల్లెలో పై కులానికీ కింది కులానికీ ఆ సమానత్వం ఎక్కడ ఉంది? అక్కడ జరిగేది పగ కాదు, ఒకరు ఇంకొకరి మీద చేసే దౌర్జన్యం. రెండు వైపులా తప్పు సమానమన్నట్టు చివర ఇద్దరు తండ్రుల చేతులు కలిపిస్తే, మీకు తెలియకుండానే అబద్ధం చెప్పినవారవుతారు. కులం తేవాలనుకుంటే ముగింపును మీరే కొత్తగా రాసుకోవాలి. అది చేయలేమనుకుంటే, ఒకే కులంలోని రెండు పటేండ్ల ఇళ్ల మధ్య భూమి తగాదాగా పెట్టుకోండి. కథ చెడదు.

ఒక్క సూచన మాత్రం తప్పక పాటించమని అడుగుతున్నాను. ‘నీ అందం నన్ను ఆడదాన్ని చేసింది’ అని రోమియో అనే మాట పలకగానే చప్పట్లు పడేట్టు డప్పు కొట్టించకండి. మూలంలో టిబాల్ట్ చనిపోయి, రాకుమారుడు శిక్ష చెప్పి వెళ్లిన మరుక్షణం వేదిక మీదికి వచ్చేది జూలియెట్. వీథిలో జరిగినదేదీ తెలియక, రాత్రి తొందరగా రావాలని, తన భర్త రావాలని సిగ్గుపడకుండా కోరుకుంటూ ఎదురుచూస్తుంటుంది. మీరు ఆమెను ఇంకొంచెం ముందే తీసుకురండి. రోమియో ఆ మాట అంటున్నప్పుడే వేదిక వెనుక భాగంలో, చిన్న వెలుగులో, ఆమె దీపం వత్తి సవరిస్తూ కనబడనివ్వండి. ఆమె ముఖంలో సంతోషం ఉండాలి. ముందు భాగంలో అతడు కత్తి తీసుకొని పరుగెత్తాలి.